మీకు తెలుసా? దించిన షట్టర్ వెనక మారిపోయిన చట్టాలు!

మీ వీధి మలుపులో టైలర్ కొట్టు ఉందా? 2020లో దాని షట్టర్ దింపించిన చట్టం ఏదో తెలుసా? సునామీ తర్వాత పుట్టిన చట్టం! 2004 డిసెంబర్‌లో కెరటాలు తీరాన్ని ముంచాయి. ఏడాది తిరిగేసరికి విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో మాట్లాడారు. ఆ చట్టం బలంతోనే దేశమంతా తాళం పడింది. మధ్యలో ఉన్న గడువు ఎంత? 4 గంటలు!

మరి రాష్ట్రాలు? అవి ఇంకా పాత చట్టాన్ని దుమ్ము దులిపి తీశాయి! 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు ప్రబలినప్పుడు తెల్లదొరలు చేసింది. అందులో అప్పటికి ఎన్ని సెక్షన్లు ఉన్నాయో చెప్పుకోండి చూద్దాం! నూరా? యాభయ్యా? నాలుగంటే నాలుగే! తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ తమ కొవిడ్ నిబంధనలను ఆ నాలుగు సెక్షన్ల మీదే నిలబెట్టాయి.

ఇప్పుడు అద్దె సంగతి. కాస్త దగ్గరికి జరగండి! 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ ఓ ఉత్తర్వు ఇచ్చింది. అద్దె గదుల్లో ఉండే కూలీలను, వలస కార్మికులను ఇంటి ఓనర్లు 1 నెల అద్దె అడగకూడదు! అడగడమే తప్పు! కూలీలనో, చదువుకునే పిల్లలనో గది ఖాళీ చేయమని బలవంతం చేస్తే ఓనర్ మీదే చర్య! ఓనర్ల చేతిని ఇలా ఢిల్లీ నుంచి పట్టుకున్న రోజు మనలో ఎంతమందికి గుర్తుంది?

అదే ఉత్తర్వులో ఇంకో మాట ఉంది. కొట్టు మూసినా సరే, పనివాళ్లకు జీతం కోత లేకుండా ఇవ్వాలి! చిన్న వ్యాపారి గుండె గుభేలుమంది. గల్లా పెట్టెలో రూపాయి పడటం లేదు, జీతాలు ఎక్కడి నుంచి తేవాలి? ఆ ఆజ్ఞ ఎన్నాళ్లు బతికిందో తెలుసా? సరిగ్గా 50 రోజులు! మే 18 నుంచి కేంద్రమే వెనక్కి తీసుకుంది. మరి ఆ 50 రోజుల జీతాల మాట? యజమానులు, పనివాళ్లు కూర్చుని మాట్లాడుకోండి అంది సుప్రీంకోర్టు, జూన్ 12న. జీతం ఇవ్వలేకపోయిన యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దని కూడా చెప్పింది.

తెలంగాణ ఇంకో అడుగు ముందుకేసింది! ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మీడియా ముందు చెప్పేశారు. మార్చి, ఏప్రిల్, మే... 3 నెలల అద్దె ఓనర్లు వసూలు చేయకూడదు! చాలామంది ఇక్కడే పొరబడ్డారు. "అద్దె మాఫీ అంట అన్నా!" అని ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. మాఫీ కాదు, వాయిదా! ఆ తర్వాత వాయిదాల్లో కట్టాల్సిందే. కానీ ఒక్క పైసా వడ్డీ వేయకూడదు! ఒక్క మాట తేడాతో ఎన్ని ఇళ్లలో ఓనరుకీ అద్దెకున్నవాళ్లకీ మాటలు ఆగిపోయాయో!

ముఖ్యమంత్రి నోటిమాట కోర్టులో నిలుస్తుందా? ఢిల్లీలో ఇదే ప్రశ్న వచ్చింది! పేదల అద్దె ప్రభుత్వమే కడుతుందని 2020 మార్చి 29న అక్కడి అప్పటి ముఖ్యమంత్రి కేజ్రీవాల్ మీడియా సమావేశంలో అన్నారు. రూపాయి రాలేదు. కూలీలు హైకోర్టు తలుపు తట్టారు. 2021 జులైలో తీర్పు వచ్చింది. ఇచ్చిన మాట అంటే మాటే! 6 వారాల్లో నిర్ణయం తీసుకోండి! జనం కళ్లు పెద్దవయ్యాయి. సెప్టెంబర్‌లో అదే కోర్టులోని ఇద్దరు జడ్జీల బెంచ్ ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. అయినా ఆ తీర్పు చదివితే ఒళ్లు పులకరిస్తుంది. నోటిమాటకు అంత విలువ ఇచ్చిన కాగితం అది!

ఆ తీర్పు రాసిన జడ్జి ప్రతిభా ఎం. సింగ్. ఆమే రాసిన మరో తీర్పు ఉంది. దుకాణం అద్దెకు తీసుకున్న ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సింది! ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లో ఓ దుకాణం. 1975లో దాని అద్దె ఎంతో తెలుసా? నెలకు 300 రూపాయలు! ఓనరుకీ అద్దెదారుకీ కోర్టులో గొడవ నడిచింది. ఖాళీ చేయాలని తీర్పు వచ్చింది. దాని మీద స్టే కావాలంటే నెలకు ఎంత కట్టమన్నారో వినండి. 3.5 లక్షలు! ఇంతలో కరోనా వచ్చి పడింది. "దుకాణం మూతపడింది, అద్దె ఆపండి" అని అద్దెదారు అడిగాడు. 2020 మే 21న జవాబు వచ్చింది. గడువు కావాలా, ఇస్తాం. మాఫీ మాత్రం కుదరదు!

ఎందుకు కుదరదు? ఇక్కడే అసలు విశేషం! 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఓ జాబితా చెబుతుంది. మంటలు, తుపాను, వరద, సైన్యం దాడి, అల్లరిమూక విధ్వంసం, ఆపలేని మరే శక్తి అయినా సరే... వీటివల్ల అద్దెకు తీసుకున్న చోటు శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దెదారు ఒప్పందం వదులుకోవచ్చు. కరోనాలో ఏమైంది? గోడలు గోడల్లాగే ఉన్నాయి. పైకప్పు చెక్కుచెదరలేదు. షట్టర్ దిగింది, అంతే! 138 ఏళ్ల నాటి ఆ వాక్యం దగ్గర వేలాది దుకాణదారుల ఆశ ఆగిపోయింది.

ఇంకా లోపలికి వెళ్దాం రండి! "చేయడానికి వీల్లేని ఒప్పందం చెల్లదు" అని 1872 కాంట్రాక్టు చట్టం అంటుంది కదా. 56వ సెక్షన్. అది కూడా అద్దెదారుకు పనికిరాలేదు! కారణం ఎక్కడుందో తెలుసా? దేశ విభజనలో! ఒకాయన భూమి కౌలుకు తీసుకుని డబ్బు ముందే కట్టాడు. ఇంతలో గీత గీశారు. ఆ భూమి పాకిస్తాన్‌లోకి పోయింది. ఆయన ఈ గట్టుకు వచ్చేశాడు. కట్టిన డబ్బు తిరిగివ్వమని దావా వేశాడు. ఓడిపోయాడు! కౌలు ఇచ్చిన క్షణమే హక్కు చేతులు మారిపోయింది, ఇక 56వ సెక్షన్ వర్తించదు అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. సరిహద్దు దాటిన కౌలుదారు కేసు, కరోనాలో మూతపడ్డ దుకాణం కేసుకు తాళం వేసింది!

అయితే దారి అసలే లేదా? ఉంది! మీ అద్దె ఒప్పందంలోనే ఉంది. విపత్తు వస్తే అద్దె ఆగుతుందని అందులో రాసుకుంటే కోర్టు ఆ రాతనే చూస్తుంది. రాసుకోకపోతే చట్టం వైపు చూడాలి. ప్రభుత్వం తన కాంట్రాక్టుల విషయంలో ఎంత ముందే మేలుకుందో చూడండి! కొవిడ్‌ను ప్రకృతి విపత్తుగా లెక్కవేయవచ్చని కేంద్ర ఆర్థికశాఖ నోట్ ఇచ్చిన తేదీ 2020 ఫిబ్రవరి 19. లాక్‌డౌన్‌కు నెల ముందే!

ఇప్పుడు ఓనర్ల వంతు! 2020 మే 14 నుంచి వాళ్ల చేతికి వచ్చే డబ్బు కాస్త పెరిగింది. అద్దె పెరగలేదు, టీడీఎస్ తగ్గింది! భవనం అద్దె మీద 10 శాతం కోసేవాళ్లు. అది 7.5 శాతం అయింది. నెలకు 30,000 అద్దె ఇచ్చే కంపెనీ 3,000 కోసేది కదా? 2,250 మాత్రమే కోసింది. అంటే నెలకు 750 రూపాయలు ఎక్కువ! పన్ను తగ్గలేదు సుమా, ముందుగా పట్టుకునేది తగ్గింది. 2021 మార్చి 31తో ఆ వెసులుబాటు ముగిసింది.

హైదరాబాద్ ఓనర్లకు 2020 దీపావళి నిజంగానే వెలుగు తెచ్చింది! నవంబర్ 14. పండగ రోజు. జీహెచ్ఎంసీ పరిధిలో ఇంటిపన్ను 15,000 రూపాయల లోపు కట్టేవాళ్లకు సగం తగ్గించారు! మిగతా మున్సిపాలిటీల్లో ఆ హద్దు 10,000. ముందే బుద్ధిగా కట్టేసినవాళ్లు నష్టపోయారా? లేదు! మరుసటి ఏడాది పన్నులో సర్దుబాటు.

అదే నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఏం చేసిందో తెలుసా? ఇంటిపన్ను లెక్కకట్టే పద్ధతినే మార్చేసింది! అప్పటిదాకా ఇంటికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీద పన్ను వేసేవాళ్లు. కొత్త చట్టంలో ఆస్తి విలువ మీద! ఇల్లు అద్దెకిచ్చినా ఇవ్వకపోయినా లెక్క ఒకటే. ఓనర్లు హడలిపోయారు. అందుకే పగ్గం కూడా వేశారు. పాత పన్ను మీద ఏడాదికి పెంపు 15 శాతం దాటకూడదు!

ఇలాంటి మార్పుల వెనక కేంద్రం చూపిన ఆశ ఒకటుంది. సంస్కరణ చేయండి, అదనంగా అప్పు తెచ్చుకోండి! వ్యాపారులకు పనులు సులువు చేసిన తొలి 5 రాష్ట్రాల్లో మనవి రెండూ ఉన్నాయి! తెలంగాణకు 2,508 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్లు అదనంగా అప్పు చేసుకునే వీలు దొరికింది.

అందుకు పెట్టిన షరతులు వింటే చిన్న వ్యాపారి పొంగిపోతాడు! తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్‌ను కంప్యూటర్ ఎంపిక చేయాలి. ఈ ఏడాది వచ్చినాయన వచ్చే ఏడాది అదే చోటికి రాకూడదు! వచ్చే ముందు కబురు చెప్పాలి. చూసి వెళ్లాక నివేదికను 48 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టేయాలి! అనుకోకుండా గుమ్మంలో ప్రత్యక్షమయ్యే జీపును చూసి వణికినవాళ్లకు తెలుస్తుంది ఈ 48 గంటల విలువ.

షట్టర్ల మీద అంకెలు గుర్తున్నాయా? 2020 మే. హైదరాబాద్. లాక్‌డౌన్ సడలించారు. మున్సిపల్ సిబ్బంది పెయింట్ డబ్బా, బ్రష్షు పట్టుకుని బజారుకొచ్చారు. చెప్పుల కొట్టుకు 1. పక్కనే గాజుల కొట్టుకు 2. ఆపైన బట్టల కొట్టుకు మళ్లీ 1. ఇవాళ 1 అంకె వాళ్లు తెరవాలి, రేపు 2 అంకె వాళ్లు! చెప్పులు కొన్నావిడ గాజులకు మర్నాడు మళ్లీ రావాలి! 50 శాతం కొట్లే తెరిచిన ఆ సరి-బేసి బజారు నెలాఖరు దాకా కూడా సాగలేదు. మే 28 నుంచి మాల్స్ తప్ప అన్నీ తెరుచుకున్నాయి. తడి ఆరకముందే అంకెకు పని లేకుండా పోయింది!

కరోనా రెండో అల అయితే ఇంకా విచిత్రం! 2021 మే. ఒకే రోడ్డు, ఒకే భాష, రెండు గడియారాలు! జగ్గయ్యపేటలో కొట్టు పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 12 దాకా తెరవచ్చు. హైవే మీద కాస్త ముందుకెళ్తే కోదాడ. అక్కడ 6 నుంచి 10 దాకానే! ఇటు 6 గంటల బేరం, అటు 4 గంటల బేరం! కూరగాయలమ్ముకునే అవ్వకు ఆ 2 గంటలంటే బుట్టలో సగం సరుకు.

అప్పు సంగతి చెప్పనా? చెవి ఇలా పడేయండి! 2020లో రిజర్వు బ్యాంకు ముందు 3 నెలలు, ఆపైన ఇంకో 3 నెలలు కిస్తీలు వాయిదా వేసుకోనిచ్చింది. మొత్తం 6 నెలలు! అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ వడ్డీ ఆగలేదు. వడ్డీ మీద వడ్డీ కూడా పడింది! కళ్లద్దాలు అమ్ముకునే ఓ చిన్న దుకాణదారుడు సుప్రీంకోర్టుకెళ్లాడు. చక్రవడ్డీ ఎందుకని నిలదీశాడు. ఒక్క దుకాణదారుడి అర్జీ దేశంలోని బ్యాంకుల చేత లెక్కలు తిరగరాయించింది!

ఎంత తిరిగొచ్చిందో మనమే లెక్కేద్దాం! 10 లక్షల అప్పు. ఏడాదికి 12 శాతం వడ్డీ. 6 నెలలకు మామూలు వడ్డీ 60,000. నెలనెలా చక్రవడ్డీ వేస్తే 61,520. తేడా 1,520 రూపాయలు! 2 కోట్ల లోపు అప్పులున్నవాళ్ల ఖాతాల్లో ఈ తేడాను 2020 నవంబర్ 5 లోగా వేయమని కేంద్రం చెప్పింది. అసలు ఆశ్చర్యం ఇది కాదు. వాయిదా అడగకుండా నెలనెలా కిస్తీ కట్టినవాళ్లకూ ఆ డబ్బు ఇచ్చారు! ఎక్కడిదో తెలియని చిన్న మొత్తం అప్పట్లో మీ పాస్‌బుక్‌లో పడిందా? అదే ఇది!

2 కోట్లు దాటినవాళ్లు ఏం పాపం చేశారు? సుప్రీంకోర్టు కూడా అదే అడిగింది! 2021 మార్చి 23న తేల్చేసింది. అప్పు చిన్నదైనా పెద్దదైనా ఆ 6 నెలలకు ఎవరి మీదా చక్రవడ్డీ వద్దు!

తాకట్టు లేకుండా అప్పు! నమ్ముతారా? 2020 మేలో కేంద్రం ప్రకటించిన అత్యవసర రుణ హామీ అదే. ఫిబ్రవరి 29 నాటికి మీకు ఎంత బాకీ ఉందో చూశారు. అందులో 20 శాతం కొత్తగా ఇచ్చారు! ఇల్లు రాసివ్వక్కర్లేదన్నారు, నగలు పెట్టక్కర్లేదన్నారు. మీరు కట్టకపోతే బ్యాంకుకు ప్రభుత్వమే పూర్తి హామీ!

తోపుడుబండి వాళ్లకైతే 2020లో 10,000 రూపాయల అప్పు ఇచ్చారు! పీఎం స్వనిధి. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. కస్టమర్ ఫోన్‌తో డబ్బు పంపితే బండివాడికి తిరిగి బహుమానం, అప్పట్లో ఏడాదికి 1,200 దాకా! మిర్చిబజ్జీల బండి మీద క్యూఆర్ కోడ్ బోర్డు వేలాడటం వెనక ఈ 1,200 కూడా ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో చిన్న పరిశ్రమల కరెంటు బిల్లు తెలుసా? మర తిరగకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ పడుతుంది. తాళం వేసిన మిల్లుకూ బిల్లు! 2020లో రీస్టార్ట్ పథకం కింద ఆ చార్జీని 3 నెలలు ఎత్తేశారు. ఏళ్ల తరబడి ఆగిన రాయితీ బకాయిలు కూడా కదిలాయి. మే 22న ఒక్కసారే 450 కోట్లు విడుదలయ్యాయి!

పీఎఫ్ మాట వింటారా? చిన్న సంస్థల్లో పనివాడి వాటా, యజమాని వాటా రెండూ ప్రభుత్వమే కట్టింది! జీతంలో 24 శాతం. 6 నెలలు! వంద మంది లోపు పనిచేసేచోట, అందులో నూటికి 90 మంది జీతం 15,000 లోపు ఉంటే చాలు.

మీది చిన్న వ్యాపారమా, పెద్దదా? 2020 జులై 1న రాత్రికి రాత్రే జవాబు మారిపోయింది! అంతకుముందు సేవల రంగంలో 10 లక్షల సామాను దాటితే సూక్ష్మ సంస్థ కాదు. అప్పుడు పెట్టిన కొత్త హద్దు 1 కోటి! ఒకేసారి పది రెట్లు! అమ్మకాలు 5 కోట్లు దాటకూడదన్నారు, అంతే. ఇంకో ముచ్చట. మధ్యతరహా సంస్థ అమ్మకాల హద్దు మే 13న 100 కోట్లని ప్రకటించారు. జూన్ 1కి అది 250 కోట్లయింది! 19 రోజుల్లో కొలబద్ద రెండున్నర రెట్లు సాగింది!

మరి కిరాణా కొట్టు? అప్పటికి అది చిన్న పరిశ్రమల జాబితాలోనే లేదు! 2021 జులై 2న చిల్లర, టోకు వ్యాపారులకు తలుపు తెరిచారు. లాభపడేది 2.5 కోట్ల మంది అని మంత్రి గడ్కరీ లెక్క చెప్పారు. కానీ ఒక్కటి గమనించండి. బ్యాంకు అప్పులో ప్రాధాన్యం వరకే ఆ తలుపు. బాకీ ఆలస్యమైతే వడ్డీ రాబట్టే హక్కు తయారీదారుకు ఉంది, కిరాణా అన్నకు లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బాకీల బాధ కిరాణా కొట్టుకు మించి ఎవరికి తెలుసు?

జీఎస్టీ రిటర్న్ ఎస్ఎంఎస్‌తో! అవును, మామూలు మెసేజ్‌తో! కొట్టు మూసి ఉంది, అమ్మకం సున్నా. అయినా రిటర్న్ వేయాలి, వేయకపోతే ఫైను. 2020 జూన్ 8న చిక్కు విడిపోయింది. నిల్ అని కొట్టాలి. ఖాళీ వదిలి 3బి. మళ్లీ ఖాళీ వదిలి జీఎస్టీ నంబరు, నెల. 14409కి పంపాలి. ఓ కోడ్ వస్తుంది. దాన్ని తిరిగి పంపితే పని పూర్తి! ఇంటర్నెట్ అక్కర్లేదు, బటన్ల ఫోన్ చాలు!

పాత లేట్ ఫీజులు కొండలా పేరుకున్నవాళ్లకూ అదృష్టం తలుపు తట్టింది! జీఎస్టీ పుట్టిన 2017 జులై నుంచి 2020 జనవరి దాకా వేయని రిటర్న్‌లు. పన్ను ఉంటే ఒక్కోదానికి గరిష్ఠంగా 500 రూపాయలు. పన్ను లేకపోతే సున్నా!

దివాలా చట్టం ఏమైందో చూడండి! అంతకుముందు కంపెనీ 1 లక్ష బాకీ పడినా దివాలా కోర్టుకు లాగొచ్చు. 2020 మార్చి 24న, అదే లాక్‌డౌన్ ప్రకటించిన రోజునే, ఆ హద్దు 1 కోటికి ఎగిరింది! వంద రెట్లు! ఎందరో చిన్న కంపెనీల యజమానులు బతికి బయటపడ్డారు. కానీ నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. పెద్ద కంపెనీ నుంచి 30 లక్షలు రావాల్సిన చిన్న సరఫరాదారు ఇక ఆ కోర్టు మెట్లెక్కలేడు! కరోనా పోయింది, హద్దు మాత్రం 1 కోటి దగ్గరే ఉంది.

ఇంకా నమ్మలేనిది ఉంది! 2020 మార్చి 25 నుంచి సరిగ్గా 1 ఏడాది. ఆ ఏడాదిలో పడిన బాకీల కోసం కంపెనీ మీద దివాలా కేసు ఎప్పటికీ వేయలేరు! ఇప్పుడే కాదు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా! చట్టంలో 10ఎ సెక్షన్. బాకీ పోదు, వేరే దారుల్లో వసూలు చేసుకోవచ్చు. ఆ తలుపు మాత్రం మూసుకుపోయింది.

గడువు దాటితే దావా చెల్లదు కదా? సుప్రీంకోర్టు ఆ గడియారాన్నే ఆపేసింది! 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా. వేళ్లతో లెక్కబెడితే 716 రోజులు! అద్దె బాకీ దావా, చెల్లని చెక్కు కేసు, అప్పీలు... దేనికైనా ఆ రోజులు లెక్కలోకి రావు. బాకీ కాగితం బీరువాలో ఉండి, "గడువు అయిపోయిందిలే" అని నిట్టూర్చినవాళ్లు ఎంతమందో! వాళ్లలో ఎందరికి ఈ 716 రోజులు తెలుసు?

ఆటో, లారీ ఓనర్లకూ అలాంటి వరమే! ఫిట్‌నెస్, పర్మిట్, లైసెన్స్... 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన కాగితాలు 2021 అక్టోబర్ 31 దాకా చెల్లాయి. 21 నెలలు!

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న మన తెలుగువాళ్లకు ఓ మాట! 2021 ఏప్రిల్ 1కి ముందు భారత పౌరుడైనా సరే, విదేశాల్లో స్థిరపడితే ఇక్కడ ఏక వ్యక్తి కంపెనీ పెట్టే వీల్లేదు. ఆ రోజు నుంచి వీలుంది! గుంటూరులో కంపెనీ, డల్లాస్‌లో యజమాని. మొత్తం వాటాదారులు 1 మనిషి!

చివరికి అద్దె దగ్గరికే వద్దాం. 2021 జూన్ 2. నమూనా అద్దె చట్టానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం. ఇంటికి అడ్వాన్స్ 2 నెలల అద్దె దాటకూడదు! బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ కట్టిన మన పిల్లలు ఈ అంకె వింటే ఎగిరి గంతేస్తారు. దుకాణానికైతే 6 నెలలు.

ఓనర్ తలుపు తట్టాలంటే? 24 గంటల ముందు చెప్పాలి! రాతలోనో, ఫోన్ మెసేజ్‌లోనో. ఊరికే పొద్దున్నే వచ్చి "కుళాయి చూస్తా" అంటే కుదరదు!

ఓనర్లకూ న్యాయం ఉంది. గడువు తీరినా ఖాళీ చేయని అద్దెదారు మొదటి 2 నెలలు రెట్టింపు అద్దె కట్టాలి. ఆపైన నాలుగు రెట్లు! 10,000 అద్దె 40,000 అవుతుంది!

అన్నిటికంటే నాకు నచ్చింది ఇది. వరద, తుపాను, భూకంపం లాంటి విపత్తు నడుస్తుండగా ఒప్పందం గడువు తీరిందనుకోండి. ఓనర్ వెళ్లగొట్టకూడదు! విపత్తు ముగిశాక ఇంకో 1 నెల, అవే షరతుల మీద ఉండనివ్వాలి. మూటాముల్లె నెత్తిన పెట్టుకుని హైవేల మీద నడిచిన జనాన్ని చూశాం కదా. ఈ 1 నెల వాళ్లకు అప్పుడు ఉండి ఉంటే!

కానీ ఇది నమూనా. ప్రతి రాష్ట్రం విడిగా చట్టం చేసుకుంటేనే అమలు. తెలంగాణ అద్దె నియంత్రణ చట్టం ఏ ఏడాదిదో తెలుసా? 1960! ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త చట్టం చేసుకుంది.

అందుకే ఇవాళే ఓ పని చేయండి. ఓనర్ అయినా, అద్దెకున్నవాళ్లయినా సరే, బీరువాలోంచి ఆ 100 రూపాయల స్టాంపు కాగితం బయటికి తీయండి. అంటువ్యాధి వచ్చి షట్టర్ మూతపడితే అద్దె ఏమవుతుందో అందులో ఒక్క వాక్యం ఉందేమో వెతకండి. లేదా? ఒప్పందం తిరగరాసే రోజున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఆ 1 వాక్యం రాయించుకోండి!